పర్యావరణం ఫీల్డులోకి జనం ఏం చూసి వస్తారు?

ప్రశ్న (అనంతపురం): బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. పర్యావరణం వైపు వెళ్దామంటే "చెట్లు నాటే ఉద్యోగమా?" అంటున్నారు. అసలు జనం ఏం చూసి ఇందులోకి వస్తారు, వచ్చాక రోజూ చేసే పనేంది? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు 1 (కడప): ప్రకృతి మీద ఇష్టంతో చాలామంది వస్తారు తమ్ముడూ, నిలబడేది మాత్రం కొలత మీద మోజున్నవాళ్లే. దుమ్ము ఎక్కువైందని ఊరంటుంది, లేదని ఫ్యాక్టరీ అంటుంది. తేల్చేది ఒక ఫిల్టర్ పేపరు. ఎర్రగుంట్ల లాంటి సిమెంటు ఏరియాలో పని ఇట్లుంటుంది: ఫిల్టర్‌ను 24 గంటలు డెసికేటర్‌లో (తేమ లాగేసే మూత డబ్బాలో) పెట్టి తూచాలి, శాంప్లర్‌లో బిగించి గాలి లాగించాలి, మళ్లీ డెసికేటర్‌లో పెట్టి తూచాలి. పెరిగిన బరువును లాగిన గాలితో భాగిస్తే పీఎం10, అంటే గాలిలో 10 మైక్రాన్ల లోపుండే సన్న దుమ్ము లెక్క. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

మరీ గట్టిగా బిగిస్తే ఫిల్టర్ అంచు గ్యాస్కెట్‌కు అతుక్కుంటుంది. తీసేటప్పుడు చిన్న ముక్క ఊడినా చివరి తూకం మొదటిదానికన్నా తగ్గొచ్చు. గాలి శుభ్రమైందని కాదు, శాంపిల్ పోయిందని అర్థం. ఇంకోటి, మధ్యలో కరెంటు పోతే టైమ్ మీటర్ చూడకుండా 24 గంటలని రాసేస్తారు. అప్పుడు దుమ్ము ఉన్నదానికన్నా తక్కువ తేలుతుంది.

జవాబు 2 (అనంతపురం): కెమిస్ట్రీవాళ్లకు మన జిల్లాలో ఫ్లోరైడ్ ఒక్కటే చాలప్పా. బోరు కాసేపు పోయనిచ్చి ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజుది వద్దు. ల్యాబ్‌లో నీళ్లకు సమానంగా టిసాబ్ అనే ద్రావణం కలిపి ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ముంచాలి. అది కలపకపోతే నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటాయి, రీడింగ్ తక్కువొస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక ఊరికి ఈ బోరు నీళ్లు తాగొచ్చా లేదా అన్నది ఆ అంకె మీదే ఆధారపడుతుంది. చాలామందిని ఇందులో కట్టిపడేసేది అదే.

జవాబు 3 (కడప): అందరూ కొలతల మోజుతోనే నిలబడతారంటే ఒప్పుకోను. 1900 తర్వాత జాడలేని కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో మా కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. దానికోసమే ఈ చదువులోకి వచ్చేవాళ్లున్నారు. అయితే అది రాత్రి తిరిగే పిట్ట, కంటికి కనబడేది తక్కువ. పొదల మధ్య మన్ను మెత్తగా పరిచి, తెల్లారాక అడుగులు చూడాలి. తీతువు అడుగులతో పొరపాటు పడొచ్చు కాబట్టి వేళ్ల కొలతలు తీయాల్సిందే. పశువులు తొక్కితే, వాన పడితే మళ్లీ మొదటికే. దీనికి కెమిస్ట్రీ కన్నా జువాలజీ పీజీ పనికొస్తుంది.