మాండలిక పదాల వేదికను ఈ మార్చితో మూసివేయాలా, ఇంకా నడపాలా?

బైరాగిపట్టెడ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఒకప్పుడు వాడుకలో ఉండి ఇప్పుడు మరుగున పడుతున్న మాటలను, సేద్యపు పనిముట్ల పేర్లను, వంటల పేర్లను ఒకచోట చేర్చాలన్న ఉద్దేశంతో 2016లో నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదికను ప్రారంభించాము. కుప్పం నుంచి సత్యవేడు దాకా ఉన్న ఊళ్లవాళ్లే కాక, ఆ ఊళ్ల నుంచి వెళ్లి బెంగళూరులోనూ చెన్నైలోనూ స్థిరపడినవారు కూడా చేరడంతో మొదటి మూడేళ్లు వేదిక కళకళలాడింది. ఊరిబిండి అనే పచ్చడిలో చింతపండు వేయాలా వద్దా అన్న విషయం మీద రెండు వారాల పాటు వాదన నడిచిన రోజులున్నాయి.

ఇప్పుడు పరిస్థితి వేరు. మిత్రులలో ఒకరు విదేశాలకు వెళ్లారు, మరొకరు పనుల ఒత్తిడిలో ఇటువైపు చూడటమే మానేశారు. పేరు నమోదు చేసుకున్న సభ్యులు వెయ్యికి పైగా ఉన్నా నెలకు రాసేవారు నలుగురైదుగురే, అందులో నేనొకణ్ణి. ఉదయం కాఫీ తాగుతూ అనుమతి కోసం వేచి ఉన్న సందేశాలను తెరిస్తే దాదాపు అన్నీ పందేల ఆటల ప్రకటనలే. వాటిని ఒక్కొక్కటిగా తుడిచేయడమే నా దినచర్య అయిపోయింది.

గత నెలలో ఒకరోజు ఆ చెత్త మధ్యన ఒక నిజమైన ప్రశ్న కనిపించింది. బెంగళూరులో ఉంటున్న ఒకావిడ, పుంగనూరు దగ్గర తమ తాతగారు కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడే ఏర్పాటు) తోలేవారని, ఆయన మాటల్లో తరచుగా వచ్చే ‘తొండం’ అన్నది ఏమిటో తనకు అర్థం కాలేదని రాశారు. ఆరు రోజులు ఎవరూ పలకలేదు. ఏడో రోజున పలమనేరు వైపు పెద్దాయన ఒకరు క్యాలెండరు కాగితం వెనుక పెన్సిలుతో బొమ్మ గీసి ఫొటో పెట్టారు. నీళ్లు నిండే బాన, దాని అడుగున వేలాడే తోలు గొట్టమే తొండం. బాన బావిలోంచి పైకి వచ్చేదాకా తొండం మూతిని సన్నతాడు ఒకటి పైకి లాగి పట్టుకుని ఉంటుందనీ, గట్టుకు చేరగానే ఆ మూతి ముందుకు వాలి నీళ్లు తొట్టిలోకి దుముకుతాయనీ ఆయన నాలుగు వాక్యాలలో వివరించారు. మోకు ఒకటి, సన్నతాడు ఒకటి, రెండింటి పొడవూ సరిగ్గా కుదరకపోతే నీళ్లు దారిలోనే పోతాయట. ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

వేదిక పేరుకూ, సర్వరుకూ కట్టవలసిన అద్దె గడువు మార్చిలో వస్తుంది. ఏడాదికి సుమారు ఏడువేల రూపాయలు నేనే పెట్టుకుంటున్నాను. డబ్బు నన్ను అంతగా బాధించడం లేదు. ఆ కపిల బొమ్మ వేదికకు ఇంకా ప్రాణం ఉందనడానికి గుర్తా, లేక ఆరిపోయే దీపం ఒక్కసారి పెద్దగా వెలగడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటివి నడిపిన అనుభవం ఉన్నవారు, ఇక చాలు అని మీరు ఏ గుర్తును బట్టి నిర్ణయించుకున్నారో చెప్పగలరా?

పాకాల జంక్షన్:

బైరాగిపట్టెడ వాసి గారూ, సభ్యుల సంఖ్యను మీరు ముందుగా లెక్కలోంచి తీసివేయండి. ఆన్‌లైన్ సమూహాలలో నూటికి తొంభై మంది చదివి వెళ్లిపోతారనీ, తొమ్మిది మంది అప్పుడప్పుడూ రాస్తారనీ, ఎక్కువభాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరేననీ వెబ్‌సైట్ల వాడుకను పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. ఆ అంకెలు ప్రతిచోటా అచ్చంగా అలాగే ఉండవు గానీ, మౌనంగా ఉన్నవారందరూ వెళ్లిపోయినవారు కారన్న సంగతి మాత్రం నా అనుభవంలో నిజమే.

నేను గూగుల్ వారి పాత సామాజిక మాధ్యమం ఆర్కుట్ ఉన్న రోజుల్లో రైళ్ల మీద ఆసక్తి ఉన్నవారి కోసం ఒక కమ్యూనిటీని నడిపాను. పాకాల, ధర్మవరం దారిలో మీటర్‌గేజి పట్టాలు ఉన్నప్పటి సంగతులు అందులో చాలా ఉండేవి. అప్పట్లో నేను చేసిన పొరపాటు ఏమిటంటే, రోజుకు ఎన్ని సందేశాలు వచ్చాయన్నదే చూసుకునేవాణ్ణి. శుభోదయాలూ పండుగ శుభాకాంక్షలూ కలిపి అంకె బాగానే కనిపించేది. చూడవలసింది అది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్తగా వచ్చిన మనిషి ఒక ప్రశ్న అడిగితే, నిర్వాహకుడు కాని మరొకరు జవాబు చెబుతున్నారా లేదా అన్నదే చూడాలి. మీ పలమనేరు పెద్దాయన చేసింది సరిగ్గా అదే. అయితే ఒక్క జవాబును బట్టి నిర్ణయించకండి. గడిచిన ఏడాదిలో వచ్చిన నిజమైన ప్రశ్నలు ఎన్ని, వాటిలో మీ చేయి పడకుండా జవాబు దొరికినవి ఎన్ని అన్నది కాగితం మీద రాసి చూడండి. ఒక సాయంత్రం పని.

తోతాపురి:

పాకాల జంక్షన్ గారి మాటకు ఒకటి చేర్చాలి. ఏడాది లెక్క తీసేటప్పుడు ఏ నెలలో ఎన్ని వచ్చాయో కూడా చూడండి. మేము చిత్తూరు పరిసరాల మామిడి రైతులం కొందరం కలిసి వాట్సాప్‌లో ఒక సమూహాన్ని నడుపుతున్నాము. ఆగస్టు నుంచి పూత వచ్చేదాకా అందులో ఎవరూ నోరు విప్పరు. కొత్తగా చేరినవారు చూస్తే ఇది చచ్చిపోయిందనే అనుకుంటారు. జూన్ వచ్చిందంటే రాత్రి పన్నెండు గంటలకు కూడా ఫోను మోగుతూనే ఉంటుంది. 2025లో తోతాపురి రకం మామిడి ధర పడిపోయి, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు చేస్తుందని ప్రకటించిన సమయంలో, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుస ఎక్కడిదాకా ఉందో, ఈరోజు కాయ కోయవచ్చో కోయకూడదో తెలుసుకోవడానికి మాకు ఆ సమూహమే ఆధారమైంది. అంతకుముందు నవంబరులో, ఎవరూ రాయడం లేదు, తీసేద్దాం అని మాలో ఒకరు అన్నప్పుడు మేము ఒప్పుకుని ఉంటే, ఆ నెలలో మళ్లీ అందరి నంబర్లనూ ఎక్కడ వెతుక్కునేవాళ్లం?

మాటలకు కూడా ఒక కాలం ఉంటుందని నా అనుమానం. గంగజాతర రోజుల్లో తిరుపతివాళ్లు వేషాల పేర్ల గురించి అడుగుతారు, సంక్రాంతికి ఊళ్లకు వచ్చినవాళ్లు అవ్వాతాతల మాటల గురించి అడుగుతారు. మిగతా రోజుల్లో ఎవరి బతుకు వాళ్లది.

కట్టమంచి:

తోతాపురి అన్నగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మామిడికి ప్రతి ఏడూ కాపు ఉంది, రైతుకు ప్రతి ఏడూ అదే అవసరం వస్తుంది. అందుకని ఆ సమూహం నిద్రపోయినా లేస్తుంది. అన్ని సమూహాలకూ అలాంటి జూన్ నెల రాదు. మా కళాశాల పూర్వ విద్యార్థుల వేదికను నేను అయిదేళ్లు నడిపాను. ఇరవై అయిదేళ్ల కలయిక కోసం పెట్టుకున్నది, ఆ కలయిక బ్రహ్మాండంగా జరిగింది, అక్కడితో దాని పని అయిపోయింది. ఆ మాట ఒప్పుకోలేక మరో నాలుగేళ్లు క్విజ్‌లూ, పాత ఫొటోల పోటీలూ పెట్టి దాన్ని బలవంతంగా కూర్చోబెట్టాను. చివరికి రాజకీయాల గొడవలు మాత్రమే మిగిలి, ఇద్దరు పాత స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. కలయిక అయిన మరుసటి నెలలోనే మూసివేసి ఉంటే అందరికీ మంచి జ్ఞాపకంగా మిగిలేది. పని పూర్తయినందువల్ల మూసివేయడాన్ని ఓటమిగా చూడటం మనకు ఉన్న ఒక చెడ్డ అలవాటు.

మీ విషయంలో పని పూర్తయిందని నేను అనను. కాని మీ ప్రశ్నను మళ్లీ ఒకసారి చదవండి. అందులో వేదిక అలసిపోయినట్టు కంటే మీరు అలసిపోయినట్టు ఎక్కువగా కనిపిస్తోంది. కోపం తెచ్చుకోకండి. రోజూ ఉదయం పందేల ప్రకటనలు తుడిచే మనిషికి ఎంత మంచి వేదిక అయినా పాడుబడినట్టే తోస్తుంది. ఆ పనిని మరొకరికి అప్పగిస్తానంటే తీసుకునేవారు ఒక్కరైనా ఉన్నారా అని బహిరంగంగా అడిగి, నెల రోజులు గడువు పెట్టండి. మీ లెక్క కాగితం కంటే దానికి వచ్చే స్పందనే మీకు జవాబు చెబుతుంది. ఎవరూ ముందుకు రాకపోతే, ఆ వేదిక మీ ఒక్కరిదేనని తేలిపోయినట్టే. అప్పుడు మీ ఓపిక ఉన్నంతకాలమే దానికి ఆయుష్షు.

బైరాగిపట్టెడ వాసి:

కట్టమంచి గారూ, కోపం రాలేదు. మీ మాట చదివిన తరువాత ఒక పూట ఏమీ తోచలేదన్నది నిజం.

పాకాల జంక్షన్ గారు చెప్పినట్టు లెక్క తీశాను. గడిచిన పన్నెండు నెలల్లో నిజమైన ప్రశ్నలు ముప్ఫై ఒకటి వచ్చాయి. నేను ఊహించిన దానికంటే ఎక్కువే. పంతొమ్మిదింటికి నేను కాక మరొకరు జవాబు ఇచ్చారు. అయితే ఆ పంతొమ్మిదింటిలో పదకొండు ఆ పలమనేరు పెద్దాయన ఒక్కరే ఇచ్చినవి. తోతాపురి గారి అనుమానం కూడా కొంత నిజమైంది. జనవరి, మే నెలలలోనే సగానికి పైగా ప్రశ్నలు ఉన్నాయి.

ఈ లెక్క చూసిన తరువాత ధైర్యం కంటే భయమే ఎక్కువైంది. ఒక పెద్దాయన కంటిచూపు మీద ఆధారపడి వేదిక నిలబడి ఉందన్నమాట.

పాకాల జంక్షన్:

అయితే మీరు అడగవలసిన ప్రశ్న కొంచెం మారిందని నా అభిప్రాయం. వేదికను నడపాలా మూయాలా అన్నదానికి ముందు, ఇప్పటిదాకా చేరిన మాటలు మార్చి దాటినా నిలిచి ఉండే ఏర్పాటు జరిగిందా అన్నది చూడాలి. మూసివేయడానికీ కూల్చివేయడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న ఆపివేసే ముందు మూడు నెలలు గడువు ఇచ్చారు. మా మీటర్‌గేజి కబుర్లలో కొంతభాగాన్ని నేను ఆ మూడు నెలల్లోనే దాచుకోగలిగాను. యాహూ గ్రూప్స్ వారు 2019 అక్టోబరులో ప్రకటించి, డిసెంబరు 14 తరువాత పాత సందేశాలన్నీ పోతాయన్నారు. తెలుగు సాహిత్యం మీద ఏళ్ల తరబడి లోతైన చర్చలు జరిగిన రచ్చబండ వంటి బృందాలు అక్కడే ఉండేవి. ఆ గడువు సంగతి తెలియక, తెలిసినా దాచుకునే పద్ధతి తెలియక, ఎన్ని చిన్న గుంపుల మాటలు పోయాయో ఊహించుకోండి. అవి ఊరు వదిలిపోయినవాళ్ల ఇళ్లు కూడా కావు, లోపల మనుషులు ఉండగానే పడగొట్టినవి.

మీకు ఆ అవస్థ లేదు, తాళం మీ చేతిలోనే ఉంది. కొత్త నమోదులను ఆపివేస్తే పందేల ప్రకటనల బెడద ఆరోజుతోనే తగ్గిపోతుంది. ఎవరికైనా ప్రశ్న ఉంటే పంపడానికి ఒక ఈమెయిలు చిరునామా మొదటి పేజీలో పెట్టండి. పాత చర్చలన్నీ చదవడానికి మాత్రమే తెరిచి ఉంచండి. అలాంటి పేజీలకు సర్వరు ఖర్చు చాలా తగ్గుతుంది. ముఖ్యమైన పేజీలను వెబ్ పేజీల కాపీలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీరే ఒక్కొక్కటిగా భద్రపరచవచ్చు, దానికి రుసుము లేదు. సభ్యులు తమ ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు రాసుకున్న చోట్లు ఉంటే మాత్రం ముందుగా తీసివేయండి. తొమ్మిదేళ్ల కిందట నమ్మకంతో రాసినది ఇప్పుడు అలాగే శాశ్వతంగా ఉంచడం మర్యాద కాదు.

కట్టమంచి గారు చెప్పిన నెల రోజుల ప్రకటన కూడా దీనితో పాటే పెట్టండి. మనిషి దొరికితే తిరిగి తలుపులు తెరవడం చిటికెలో పని.

తోతాపురి:

ఆ పెద్దాయనతో ఫోనులో మాట్లాడారా? పదకొండు జవాబులు రాసిన మనిషిని అడగకుండా మనం నలుగురం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం నాకు బాగా అనిపించడం లేదు.

బైరాగిపట్టెడ వాసి:

తోతాపురి గారూ, నిన్న సాయంత్రం మాట్లాడాను. ముందే చేయవలసిన పని. ఆయనకు టైపు చేయడం రాదట. ఇన్నాళ్లూ ఆయన చెబుతుంటే ఇంటర్ చదివే మనవరాలు రాసిందట. ఆ అమ్మాయి వచ్చే ఏడాది చదువు కోసం హాస్టలుకు వెళ్లిపోతుంది కనుక, మార్చిలో ఆపినా తనకు పెద్ద తేడా లేదని ఆయన చాలా మామూలుగా అన్నారు. నేనేమో మూసివేస్తున్నట్టు ఎలా చెప్పాలా అని పది నిమిషాలు నసిగాను. అడిగేవాళ్లు ఉంటే ఫోను చేయమనండి, చెబుతాను, మీరు రాసుకోండి అన్నారు. కపిల గురించి అడగవలసింది ఇంకా చాలా ఉందనీ, ఎద్దులు వెనక్కు నడిచేటప్పుడు పాడే పాటలు కొన్ని తనకు గుర్తున్నాయనీ తనంత తానే చెప్పారు.

మార్చిలో ఒక ఏడాదికి అద్దె కడుతున్నాను. కొత్త నమోదులను ఈ రాత్రే ఆపివేశాను. అప్పగింత ప్రకటన మొదటి పేజీలో పెట్టాను. రెండో శనివారం నాడు పలమనేరు వెళ్లి ఆయన చెప్పే పాటలను ఫోనులో రికార్డు చేసుకుని వస్తాను. వచ్చే సంక్రాంతి ప్రశ్నల దాకా చూసి, అప్పటికీ ఎవరూ ముందుకు రాకపోతే చదవడానికి మాత్రమే ఉంచి తలుపు వేస్తాను.

పాకాల జంక్షన్ గారూ, ఒక ఇబ్బంది. పాత సందేశాలను దాచుకుందామని 2018 నాటి కాపీ ఫైలును తెరిస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. సర్వరులో ఉన్నది బాగానే ఉంది, కాపీ మాత్రమే ఇలా వచ్చింది. కొత్తగా తీసేటప్పుడు ఏం మార్చాలో చెప్పగలరా?

పాకాల జంక్షన్:

కాపీ తీసే సమయంలో అక్షర సంకేత పద్ధతిని యూటీఎఫ్-8గా (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచగలిగే పద్ధతి) ఎంచుకోకపోవడం వల్ల అలా జరిగి ఉంటుంది. ప్రశ్నార్థకాలుగా మారిన పాత ఫైలును ఇక బాగు చేయలేము, దాన్ని పక్కన పెట్టేయండి. కొత్త కాపీలో ముందుగా ఒక్క చర్చను మాత్రమే తీసి, తెరిచి, చదవగలుగుతున్నారో లేదో చూసుకుని, ఆ తరువాతే మొత్తం తీయండి. ఆ మొదటి చర్చ కపిలదే అయితే, బొమ్మ కూడా వచ్చిందో లేదో చూడండి. ఫొటోలు చాలాసార్లు వేరే ఫోల్డరులో ఉండిపోతాయి.