కేస్ షీట్ ఎవరి కోసం: రోగి కోసమా, క్లెయిమ్ కోసమా?

రాజాం మాస్టారు:
శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా నాన్నగారిని డెంగీతో చేర్చాం. ఆరోగ్య బీమా క్లెయిమ్ రాలేదు. బీమా కంపెనీ లెక్కలో ఇంటి దగ్గరే మందులు వాడుకోవచ్చట, చేర్చాల్సిన అవసరం కనిపించలేదట. కేస్ షీట్ నకలు తీసుకుని చూస్తే ఆగని వాంతుల సంగతి గానీ, బీపీ పడిపోయిన సంగతి గానీ అందులో లేదు. ఈమధ్య మా బంధువు ఒకాయన అక్కడే చేరారు. ఇప్పుడు కేస్ షీట్ నిండుగా ఉంది. కాకపోతే పక్క మంచం ఆయన షీట్‌లోనూ అవే వాక్యాలు! క్లెయిమ్ పరిశీలించేవాళ్లకు ఏం కావాలో అది రాయడం నేర్చుకున్నారు తప్ప రోగిని చూసి రాయడం లేదని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

విజయనగరం ఇన్సూరెన్స్ డెస్క్:
మాస్టారూ, నేను ఆసుపత్రిలో ఈ క్లెయిమ్ కాగితాల పనే చేస్తున్నాను. అందరికీ ఒకే వాక్యాలు దింపేయడం తప్పే, దాన్ని వెనకేసుకురాను. కానీ పరిశీలన వచ్చాకే చాలామంది శ్రద్ధగా రాయడం మొదలుపెట్టారు. గుండెనొప్పితో వచ్చిన మనిషిని "షుగర్ ఎన్నాళ్లుగా ఉంది?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే "ఓ పదేళ్లు ఉంటుందండి" అంటాడు. ఆ నొప్పిలో లెక్క ఎవరికి గుర్తుంటుంది? డాక్టర్ 10 ఏళ్లని రాసేస్తారు. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయితే, షుగర్ దాచిపెట్టారని క్లెయిమ్ కొట్టేస్తారు. ఐదేళ్లు ఆపకుండా కట్టిన పాలసీకైతే మోసం రుజువైతే తప్ప ఆ మాట అనడానికి వీల్లేదు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ గడువును ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించింది. ఐదు నిండనివాళ్లకే కష్టం. అందుకే పాత మందుల చీటీలు తెమ్మంటున్నాం, వాటిలో ఉన్న తేదీనే రాయిస్తున్నాం. ఇది రోగికి మేలే కదా?

గది అద్దె సంగతీ అంతే. 3 లక్షల పాలసీలో గదికి రోజుకు 1 శాతం పరిమితి ఉంటే 3,000 వరకే ఇస్తారు. 5,000 గది తీసుకుంటే అద్దెలో తేడాతో పోదు, డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా నూటికి అరవై చొప్పునే వస్తాయి. ఒకప్పుడు డిశ్చార్జి రోజున తెలిసి గొడవలయ్యేవి. ఇప్పుడు చేర్చుకునేటప్పుడే చెబుతున్నాం.

పలాస డాక్టర్:
మన జిల్లాకు ఈ పరిశీలన కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీ ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ముందస్తు అనుమతి, ఎక్స్‌రేలు, ఫొటోలు ఎక్కించడం అన్నీ అప్పుడే అలవాటయ్యాయి. నా బాధ వేరు. నాలుగు క్లెయిమ్‌లు ఆగితే చిన్న ఆసుపత్రిలో జీతాలకే ఇబ్బంది. దాంతో రోగికి అక్కర్లేకపోయినా రుజువు కోసం స్కాన్ రాస్తున్నారు. అంతకన్నా ఘోరం, క్లెయిమ్ నిలబడదేమో అనిపించిన రోగిని "విశాఖ తీసుకెళ్లండి" అని పంపేయడం. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బు మనిషి ఇన్‌ఫెక్షన్‌తో వస్తే, దాన్ని పాత జబ్బు కింద కట్టేస్తారేమోనని భయం. రాత్రివేళ ఆ మనిషిని హైవే ఎక్కిస్తే దారిలో ఏమైందో ఎవరూ పరిశీలించరు. క్లెయిమే పెట్టలేదు కాబట్టి ఆయన పేరు ఏ ఫైల్లోనూ ఉండదు.

బొబ్బిలి ఆడపడుచు:
డాక్టర్ గారూ, అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో మేం చూశాం. ఆరోగ్యశ్రీలో గర్భసంచి ఆపరేషన్లు మితిమీరిపోతేనే కదా, వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. వయసులో ఉన్న ఆడవాళ్లకు కూడా తీసేశారు.

పలాస డాక్టర్:
అడగాల్సిందేనమ్మా. గర్భసంచి తీయాలా వద్దా అన్నది ఆపరేషన్‌కు ముందే గట్టిగా అడగాలి. కానీ డెంగీ రోగి కోలుకుని ఇంటికెళ్లాక, ప్లేట్‌లెట్లు మరీ పడిపోలేదు కాబట్టి చేర్చుకోనక్కర్లేదు అనడం ఏం న్యాయం? చేర్చుకున్న రాత్రి అవి ఎంతకు పడతాయో ఎవరికి తెలుసు?

రాజాం మాస్టారు:
నేనడిగేది కూడా అదే. క్లెయిమ్ మీద వచ్చే ప్రశ్న, అదే క్వెరీ, దానికి జవాబు ఆసుపత్రికీ, కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏకీ మధ్యే తిరుగుతాయి. మా చేతికొచ్చేది చివర్లో తిరస్కరణ లేఖ. క్వెరీ వచ్చిన రోజే చూపించి ఉంటే వాంతుల సంగతి మేమే చెప్పేవాళ్లం. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఒప్పుకోనిదే తిరస్కరించకూడదనీ, పాలసీలో ఏ షరతు ప్రకారమో రాయాలనీ ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ చెబుతోంది. అది చూపించి కంపెనీకి మళ్లీ రాశాం. నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం. అక్కడ ఫీజు లేదు.

విజయనగరం ఇన్సూరెన్స్ డెస్క్:
క్వెరీ చూపించాలన్న మాటకు నేను ఒప్పుకుంటాను మాస్టారూ. కొందరు డాక్టర్లు ఇష్టపడరు, తమ రాతను ఇంటివాళ్లు తప్పుపడతారని. నేనైతే వాట్సాప్‌లో పంపేస్తున్నాను. జవాబు త్వరగా తేలుతోంది, టెన్షన్ తగ్గుతోంది.

బొబ్బిలి ఆడపడుచు:
మరి డిశ్చార్జికి మూడు గంటల్లో అనుమతి రావాలంటారు కదా. పొద్దున ఇంటికెళ్లమన్న మనిషిని రాత్రిదాకా ఎందుకు కూర్చోబెడతారు?

విజయనగరం ఇన్సూరెన్స్ డెస్క్:
ఆ మూడు గంటలు ఆసుపత్రి నుంచి ఫైనల్ బిల్లు వెళ్లాకే మొదలవుతాయమ్మా. మిగిలిన మందులు వాపసు చేయడం, ల్యాబ్ లెక్క, డిశ్చార్జి సమ్మరీ మీద సంతకం, వీటికే మధ్యాహ్నం దాటిపోతుంది. గడువు దాటితే పడే అదనపు ఖర్చు బీమా కంపెనీ భరించాలని నిబంధన ఉంది. ఆసుపత్రి దగ్గర ఆగిన గంటలకు అలాంటిదేమీ లేదు. రేపు డిశ్చార్జి అని ముందురోజు సాయంత్రమే రాసిపెట్టే డాక్టర్ల వార్డులో మాత్రం రోగులు మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉంటున్నారు.