ఇంట్లో నాలుగు కంప్యూటర్లకు వీడియోలు: షేర్డ్ ఫోల్డర్ చాలదా, మీడియా సర్వర్ తప్పదా?

కొత్తవైరు:
హాల్లో డెస్క్‌టాప్‌లో రెండు టెరాబైట్ల వీడియోలున్నాయి. ఇంకో మూడు కంప్యూటర్లు వేరే గదుల్లో. ఎవరికి కావాల్సింది వాళ్లు వాళ్ల గదిలో చూసుకోవాలి. ఇప్పటిదాకా విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేసి వీఎల్‌సీలో తెరుస్తున్నాం. ఇద్దరు చూస్తే ఇబ్బంది లేదు, మూడోవాళ్లు మొదలెట్టగానే అందరికీ ఆగి ఆగి వస్తోంది. జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ పెడితే ఈ బాధ పోతుందా?

నిద్రలేనిసర్వర్:
పోతుంది. షేర్డ్ ఫోల్డర్ ఫైలు ఎంత బరువుంటే అంతా మోస్తుంది. మీడియా సర్వరైతే అవతలి కంప్యూటర్ తాహతు చూసి తగ్గించి పంపగలదు. హాల్లో సగంలో ఆపింది పడగ్గదిలో అక్కణ్నుంచే మొదలవుతుంది. పోస్టర్లు, సబ్‌టైటిళ్లు, పిల్లలకు వేరే ఖాతా, అన్నీ ఉంటాయి.

పాతకాపు:
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. వీఎల్‌సీ పుట్టిందే నెట్‌వర్క్ మీద వీడియో పంపడానికి. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు తమ క్యాంపస్‌లో వీడియో చూడ్డానికి మొదలెట్టిన పని అది, వీడియోల్యాన్ అన్న పేరులో ల్యాన్ (లోకల్ నెట్‌వర్క్) ఊరికే రాలేదు. బ్లూరేలో వీడియో గరిష్ఠం సెకనుకు 40 మెగాబిట్లు. గిగాబిట్ తీగలో 1000 పడుతుంది. ముగ్గురు కాదు, పదిమంది చూసినా కదలదు.

తంత్రి:
ఆ డెస్క్‌టాప్ రౌటర్‌కి తీగతో ఉందా, వైఫైతోనా?

నిద్రలేనిసర్వర్:
అల్ట్రా హెచ్‌డీ బ్లూరే 128 దాకా పోతుంది. ఎనిమిదిమందికే మీ 1000 దాటిపోయింది. పది అన్నారు.

పాతకాపు:
ఆయన ఇంట్లో ఉన్నవే నాలుగు. ఎనిమిదో మనిషి ఎవరండీ?

నిద్రలేనిసర్వర్:
పది అని మొదలెట్టింది మీరే.

చూసిపోతా:
ఈ జోడీ మళ్లీనా!

పాతకాపు:
అసలు విషయానికి వద్దాం. "తగ్గించి పంపడం" అన్నారే, అదే ట్రాన్స్‌కోడింగ్. ఆ చాకిరీ అంతా హాల్లో డెస్క్‌టాప్‌దే. చూస్తున్నంతసేపూ వీడియోను విప్పాలి, చిన్నదిగా మళ్లీ కట్టాలి. ముగ్గురు మూడు చూస్తే మూడుసార్లు. వీఎల్‌సీలో అయితే విప్పుకోవడం చూసే కంప్యూటర్ పని, అవతల డిస్కులోంచి ఫైలు తీసిస్తే చాలు. ఎంత పాత యంత్రమైనా ఆ మాత్రం చేస్తుంది.

నిద్రలేనిసర్వర్:
జెల్లీఫిన్‌లో డైరెక్ట్ ప్లే అని ఒకటుంది సార్. అవతలి కంప్యూటర్‌కు ఆ వీడియో కోడెక్, అంటే కుదించిన పద్ధతి, తెలిస్తే ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది. బ్రౌజర్‌లో హెచ్‌ఈవీసీ అనే కోడెక్ ఆడకపోతేనో, బ్లూరే నుంచి తీసిన, అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉండే సబ్‌టైటిళ్లను వీడియోలో కలిపేయాల్సి వస్తేనో ట్రాన్స్‌కోడింగ్. దానికీ చాలా ఇంటెల్ చిప్పుల్లో వీడియో పనికోసమే క్విక్ సింక్ అనే భాగం ఉంది, ఏడో తరం నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీని కూడా అదే చూసుకుంటుంది. వాడి చూడకుండా తీర్పులు చెప్తే ఎలా?

పాతకాపు:
వాడకుండానా? రెండేళ్లు నడిచింది మా ఇంట్లో. మా అబ్బాయి పెట్టాడు. లైనక్స్, డాకర్, నాకు అర్థంకానివి ఇంకేవో. వాడు ఉద్యోగానికి వెళ్లాక ఓ రోజు కరెంటు పోయి వచ్చింది, ఆ తర్వాత లాగిన్ పేజీ కూడా రాలేదు. ఇంట్లోవాళ్ల పెళ్లి వీడియోలన్నీ అందులోనే. ఫోన్ చేస్తే "వారాంతంలో చూస్తా నాన్నా" అంటాడు. నాలుగు నెలలు. చివరికి డిస్కు తీసి విండోస్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. ఇంకా నయం, వద్దన్నాను.

నిద్రలేనిసర్వర్:
అది సర్వర్ తప్పెలా అవుతుంది? వెళ్లేముందు మీ అబ్బాయి ఓ కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చి ఉంటే సరిపోయేది.

పాతకాపు:
మా అబ్బాయి ఊసు మీకెందుకు?

రిమోట్‌నాదే:
మావారు ఊరెళ్తే మా సర్వర్ కూడా సెలవు పెడుతుంది. నేను పెద్దాయన వైపే.

నిద్రలేనిసర్వర్:
అందరూ నా మీదే పడండి. షేర్డ్ ఫోల్డర్ మా ఇంట్లోనూ ఉండేది. మార్చే వీలు, తీసేసే వీలు అందరికీ ఇచ్చాను, సొంతవాళ్లే కదా అని. డిస్కులో చోటు లేదని మా తమ్ముడు ఓ ఫోల్డర్ మొత్తం లేపేశాడు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తీసేసింది రీసైకిల్ బిన్‌లోకి పోదు. మా నాన్న రిటైరైన రోజు మాట్లాడిన వీడియో అందులోనే ఉంది. ఇంకో కాపీ లేదు. అప్పట్నుంచి తాళాలు నా దగ్గరే. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముట్టుకోలేరు.

పాతకాపు:
ఇది చెప్పకుండా పోస్టర్లనీ ఖాతాలనీ ఇంతసేపు తిప్పారా! మీ తాళం మీ దగ్గరుంది కాబట్టి మీకు నిశ్చింత. మా తాళం ఉన్నవాడు ఇంట్లోనే లేడు. అయినా షేర్డ్ ఫోల్డర్‌నీ చదవడానికి మాత్రమే ఇవ్వొచ్చు. రెండు నిమిషాల పని.

నిద్రలేనిసర్వర్:
ఇప్పుడు తెలుసు లెండి.

తంత్రి:
కొత్తవైరు గారూ, మూడు రోజులైంది. తీగా, వైఫైనా?

కొత్తవైరు:
వైఫైయే. గొడవ మధ్యలో ఎందుకని ఊరుకున్నా.

తంత్రి:
అదీ సంగతి. డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకోసారి, అదే వీడియో గాల్లో రెండుసార్లు తిరుగుతోంది. ఒకే ఛానెల్లో ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. ముగ్గురు చూస్తే ఆరు ప్రయాణాలు. ఫైళ్లున్న యంత్రం ఒక్కదానికీ తీగ లాగండి, అందులో సగం పోతాయి. తీగలో నాలుగు జతలూ బాగుండాలి. ఒక జత తెగితే గిగాబిట్ రాదు, తరచూ 100 దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరైనా మీ ఇష్టం.

కొత్తవైరు:
తీగ లాగాను. ముగ్గురికీ ఆగకుండా ఆడుతోంది, షేర్డ్ ఫోల్డర్‌తోనే. ఇంకొక్కటి. నాలుగు కంప్యూటర్లలో ఒకే వీడియో ఒకేసారి నడవాలంటే?

పాతకాపు:
వీఎల్‌సీలో మల్టీకాస్ట్ ఉంది. ఒక్కసారి పంపితే అందరికీ అందుతుంది.

నిద్రలేనిసర్వర్:
వైఫైలో మల్టీకాస్ట్ మామూలుగా అతి తక్కువ వేగంతో పోతుంది, ముక్కలు రాలిపోతాయి. జెల్లీఫిన్‌లో సింక్‌ప్లే ఉంది.

పాతకాపు:
వైఫై ఎక్కడిది? తీగ లాగానన్నారు కదా ఆయన.

నిద్రలేనిసర్వర్:
ఒక్కదానికే లాగారు. మళ్లీ చదవండి.