సగం ఇంట్లో లైట్లు ఆరిపోయి వాటంతటవే వస్తున్నాయి, ఎంసీబీ మాత్రం పడట్లేదు

ప్రశ్న (వనస్థలిపురం నుంచి)

మా ఇల్లు 1987లో మా మామగారు కట్టించింది. 2001లో వెనక ఒక పడగ్గది, బాత్రూము కలిపారు, అప్పుడే హాలు వైరింగ్ కూడా కొత్తగా చేయించారట. రెండు నెలలుగా ఇంటికి ఒక వింత రోగం పట్టుకుంది. హాలు, నడవా, వెనక పడగ్గది, బాత్రూము, ఈ నాలుగు చోట్లా లైట్లూ ఫ్యాన్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి. వంటింట్లో, పూజగదిలో మాత్రం నిక్షేపంగా ఉంటాయి. పది నిమిషాలకో, ముప్పావు గంటకో, మేం ఏమీ ముట్టుకోకుండానే మళ్లీ వచ్చేస్తాయి. వచ్చే ముందు ఒకట్రెండుసార్లు టపటపా కొట్టుకుంటాయి.

ఎలక్ట్రీషియన్ మూడుసార్లు వచ్చాడు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లంతా పెళ్లిపందిరిలా వెలిగిపోతూ ఉంటుంది. మొదటిసారి బల్బులు మార్చాడు. రెండోసారి డీబీలో (మెయిన్ స్విచ్చుల పెట్టెలో) ఆ లైను ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి, మార్చాడు. మూడోసారి "వోల్టేజీ ప్రాబ్లం మేడం, మీ ఇంట్లో ఏం లేదు" అనేసి వెళ్లాడు. నిన్న రాత్రి లైట్లు పోయినప్పుడు మా ఆయన టెస్టర్ తీసుకుని హాల్లో ప్లగ్గులో పెడితే రెండు బెజ్జాల్లోనూ వెలిగింది. రెండింట్లోనూ కరెంటుంటే లైటెందుకు వెలగదు? ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు (ఉప్పల్)

అక్కా, లైన్ల ప్రాబ్లం ఉండొచ్చు. కరెంటోళ్ల 1912 నంబరుకి ఫోన్ కొట్టి కంప్లైంట్ ఇయ్యి. మా గల్లీల గూడ వానొస్తే ఇట్లనే అయితది, స్తంభం మీద జంపర్ (లైన్లని కలిపే వైరు ముక్క) లూజు ఉండె, వచ్చి బిగించి పోయిన్రు.

జవాబు (సికింద్రాబాద్, రిటైర్డ్ వైర్‌మన్)

తమ్ముడు చెప్పింది స్తంభం దగ్గర తప్పయితే సరే. అప్పుడు వంటింట్లో కూడా పోవాలి కదా. మూడు ఫేజుల (కరెంటు తెచ్చే మూడు వైర్ల) సర్వీసుండి బయట న్యూట్రల్ (కరెంటు వెనక్కి పోయే వైరు) ఊడితే కథ వేరు, ఒక గదిలో బల్బులు భగ్గుమని వెలుగుతాయి, ఇంకో గదిలో మినుకుమంటాయి. అలా కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా మెయిన్ ఆపి 1912కి చేయాలి, లేకపోతే టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. ఇక్కడ ఒకే లైనులో సగం పోయి సగం ఉంది కాబట్టి జబ్బు మీ గోడల్లోనే ఉందమ్మా.

రెండు బెజ్జాల్లో టెస్టర్ వెలిగిందన్నారు చూడండి, అసలు సంగతంతా అందులోనే ఉంది. మీ న్యూట్రల్ ఎక్కడో వదిలేస్తోంది. ఫేజు బల్బులోంచి దిగి, న్యూట్రల్ దారిన వెనక్కి పోతేనే వెలుగు. ఆ దారి తెగితే, స్విచ్చి వేసి ఉన్న ప్రతి బల్బులోంచీ ఫేజు దిగి, తెగిన చోటి దాకా నల్లటి న్యూట్రల్ వైరంతా నిండి కూర్చుంటుంది. పోవడానికి దారి లేదు, అందుకే లైటు వెలగదు. మీ చేయి తగిలితే మాత్రం దారి దొరికినట్టే. కాబట్టి లైట్లు పోయినప్పుడు "కరెంటు లేదుగా" అని హోల్డర్‌లో వేలు పెట్టకండి, బల్బు కూడా మార్చకండి.

రూఢి చేసుకోవాలంటే, ఈసారి పోయినప్పుడు ఆ నాలుగు చోట్లా స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులకున్నవన్నీ పీకేసి మళ్లీ టెస్టర్ పెట్టండి. ఎడమ బెజ్జంలో, అంటే న్యూట్రల్ వైపు, వెలుగు పోయినా, బాగా మసకబారినా న్యూట్రలే. మీటరుంటే ఇంకా తేలిక. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు ఏమీ లేకుండా, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వస్తే న్యూట్రల్ పోయినట్టు. రెండు చోట్లా సున్నా అయితే పోయింది ఫేజు. పాత ఇళ్లలో ఎర్తు పేరుకే ఉంటుంది, దాన్ని నమ్మలేం. వంటింట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కొచ్చి, దాని న్యూట్రల్‌తో పోల్చి చూడండి. ఇంకో మాట, డిజిటల్ మీటరు తెగిన వైరు మీద కూడా ఏవో గాలి వోల్టులు చూపిస్తుంది. మా కాలంలో హోల్డరుకి రెండు వైర్లు కట్టిన 60 వాట్ల పాత బల్బే మీటరు. అది అబద్ధం చెప్పదు.

ఎంసీబీ ఎందుకు పడలేదంటారా, అది పడేది కరెంటు ఎక్కువైతే. ఇక్కడ కరెంటు ఆగిపోతోంది. ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి లీకైతే పడే స్విచ్చి) ఉన్నా పడదు, ఎందుకంటే బయటికి లీకేమీ లేదు. ఈ రోగం వాటి కంటికి ఆనదు. అవునూ, ఆయన మార్చిన కొత్త ఎంసీబీ మీద ఎన్ని ఆంపియర్లని రాసుంది? సి6? సి10?

ఒక కాగితం తీసి ఫ్రిజ్ మీద అంటించండి. లైట్లు పోయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో రాయండి. వచ్చిపోయే తప్పుకి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

ప్రశ్నించినవారు

ఎంసీబీ మీద సి16 అని ఉంది సార్. మా పాతది సి6 అని మామగారు అంటున్నారు.

టెస్టర్ పరీక్ష చేశాం. స్విచ్చులన్నీ ఆపగానే ఎడమ బెజ్జంలో వెలుగు పోయింది. అచ్చం మీరన్నట్టే!

కాగితం అంటించి తొమ్మిది రోజులైంది. ఐదుసార్లు పోయాయి, అన్నీ రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్యే. నేను టీవీ అనుకున్నా, మా ఆయన మోటారు అన్నారు. ఆ కాగితం చూసి తేల్చింది మా అత్తమ్మ. "నువ్వు పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసే రోజులే కదే ఇవన్నీ" అంది. నిజమే! వెనక పడగ్గదిలో లైట్ల బోర్డుకున్న చిన్న ప్లగ్గులో పెట్టి చేస్తాను. ఇస్త్రీ పెట్టె మీద ఎర్ర దీపం ఆరితే వేడెక్కి ఆగిందనుకుంటున్నాను ఇన్నాళ్లూ. గదిలో లైటు పోవడం, దీపం ఆరడం ఒకటే అని తట్టనే లేదు.

జవాబు (సికింద్రాబాద్)

అత్తమ్మకి నా నమస్కారం చెప్పండి.

ముందు ఇస్త్రీ ఆ బోర్డులో మానేయండి, ఈ రాత్రి నుంచే. వంటింట్లో 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు దగ్గర చేసుకోండి. రెండోది, ఆ సి16 పని పూర్తయ్యే దాకా కూడా ఉండకూడదు. లైట్ల సన్న వైరుకి 16 పెట్టడమంటే జ్వరం తగ్గలేదని థర్మామీటరు పగలగొట్టినట్టు. 6 పెట్టించండి.

ఇక ఎక్కడ అన్నది. లైట్లు ఆరే దాకా కాచుకు కూర్చోవద్దు. అందరూ చేసే పొరపాటు అదే, ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి బాగుంది, వెళ్లాక పోయింది అంటారు. లూజు ముడి ఉన్న లైను, లైట్లు వెలుగుతున్నప్పుడు కూడా పట్టుబడుతుంది. దాని మీద కాస్త బరువు (కరెంటు ఎక్కువ లాగే లోడు) పెట్టాలి, అంతే. నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని, ఒక్క నిమిషం, నిమిషమే సుమా, పడగ్గదిలో ఇస్త్రీ పెట్టె వేసి, వరసగా వంటింటి ప్లగ్గులో, హాల్లో, నడవాలో మీటరు పెట్టి వోల్టేజీ రాసుకోండి. ఎక్కడి నుంచి ఎక్కడికి ఒక్కసారిగా దిగిందో, ముడి ఆ రెంటి మధ్య ఉంటుంది. ఆపాక గోడ మీద, బోర్డుల మీద చేయి వెనక వైపు పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఇంక వెతకక్కర్లేదు.

మధ్యలో ప్రశ్న (కూకట్‌పల్లి)

మాకు వాన కురిసిన రాత్రి మొత్తం ఇంటి ఆర్‌సీసీబీ పడుతోంది. ఎంసీబీలన్నీ ఆపినా నిలవట్లేదు. ఇదీ లూజు ముడేనా?

జవాబు (సికింద్రాబాద్)

కాదు బాబూ, మీది తడి. డాబా మీంచి స్లాబులో పైపులోకి నీళ్లు దిగుతున్నట్టుంది. మామూలు ఎంసీబీ ఫేజుని మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. తడి వల్ల న్యూట్రల్, ఎర్తు కలిస్తే, ఎంసీబీలన్నీ కిందికి వేసినా ఆర్‌సీసీబీ పడుతుంది. డీబీలో న్యూట్రల్ కడ్డీ నుంచి ఒక్కో లైనూ విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగులోంచి లీకుందేమో కొలిచే మీటరుతో) చూడమనండి. ఎర్తుకి ఒక మెగాఓమ్ కూడా రాని లైను ఏదో, అదే. డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేయించకుండా వైరు మార్చితే వచ్చే వానాకాలం మళ్లీ ఇక్కడే కలుస్తాం.

ప్రశ్నించినవారు

నిన్న ఆదివారం పని అయింది. మీరు చెప్పినట్టు వేరే ఎలక్ట్రీషియన్‌ని, లైసెన్సున్న ఆయన్ని, పిలిచాం. లైట్లన్నీ చక్కగా వెలుగుతూనే ఉన్నాయి, అయినా పట్టుకున్నాడు!

ఇస్త్రీ పెట్టె వేయకముందు వంటింట్లో 231, హాల్లో 230, పడగ్గదిలో 230. పెట్టె వేయగానే వంటింట్లో 230, హాల్లో 221, పడగ్గదిలో 220. ఇస్త్రీ చేస్తున్నది పడగ్గదిలో, పడిపోయింది మాత్రం హాలుకి ముందే. ఆయన వెంటనే పెట్టె పీకించి, వంటింటికీ హాలుకీ మధ్య గుమ్మం పైన గోడని వేలితో తడుతూ వెళ్లాడు. ఒక చోట డబడబమంది. సున్నాలూ పెయింట్లూ ఎన్ని పొరలున్నాయో, గీకితే గుండ్రటి మూత బయటపడింది. ఈ ఇంట్లో పదహారేళ్లుగా ఉంటున్నాను, అక్కడ జాయింట్ బాక్సు ఉందని నాకు తెలియదు.

మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపించాడు. మెయిన్ ఆపితే చాలదా అంటే, "ఇన్వర్టర్ ఊరుకుంటుందా మేడం, మనం మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని లైన్లోకి ఇస్తుంది" అన్నాడు. తర్వాత టెస్ట్ బల్బు పెట్టి చూసి మరీ మూత తీశాడు.

లోపల పాత తెల్ల వైరు ఒకటి, రాగి వైర్లు రెండు, మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. టేపు ముట్టుకుంటే పెళ్లలుగా రాలింది. పక్క వైరు తొడుగు కాఫీ రంగులోకి మారి, వేలితో వంచితే పుటుక్కున విరిగింది. తెల్ల వైరు చివర బూడిద లాంటి పొడి. ముడిని ఊరికే ఇలా పట్టుకుంటే తెల్లది జారి బయటికి వచ్చేసింది సార్, లాగనే లేదు. మా అత్తమ్మ కాళ్లు చల్లబడి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

జవాబు (సికింద్రాబాద్)

ఆ తెల్లది అల్యూమినియం. ఆ రోజుల్లో కట్టిన చాలా ఇళ్లలో అదే. 2001లో హాలు వైరింగ్ మార్చినవాళ్లు రాగి వైరు తెచ్చి, దాన్ని పాత అల్యూమినియంకి మెలేసి వెళ్లారన్నమాట. ఈ రెండూ కలిసి కాపురం చేయవు. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, చల్లారితే తగ్గుతుంది, సాగీ తగ్గీ ముడి వదులవుతుంది. దాని పైన పట్టే తుప్పు పొర కరెంటుని పోనివ్వదు. కాస్త చెమ్మ తగిలిందా, ఇంక చెప్పక్కర్లేదు. వేడెక్కితే వదలడం, చల్లారాక మళ్లీ అంటుకోవడం, మీ లైట్ల ఆట అదే.

మీ అంకెలతో ఒక లెక్క చూపిస్తాను. వంటింటికీ హాలుకీ మధ్య 9 వోల్టులు తగ్గింది. వైరు పొడవు వల్ల పోయేది రెండు అనుకున్నా, ముడిలో 7. వెయ్యి వాట్ల పెట్టె లాగేది దాదాపు 4.3 ఆంపియర్లు. 7ని 4.3తో గుణిస్తే 30 వాట్లు. రేడియో రిపేరు వాళ్ల దగ్గరుండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే వేడిదాన్ని టేపు చుట్టి గోడలో పెట్టి, మీరు పక్కగదిలో యూనిఫాంలు ఇస్త్రీ చేసుకున్నారు. వట్టి ఎల్ఈడీ లైట్లు, ఒక ఫ్యానే అయితే దాదాపు అర ఆంపియరే లాగుతాయి, అదే ముడిలో వాటు కూడా పుట్టదు. అందుకే మిగతా రోజులు బాగుండేది.

ముడి కోసి కొత్తగా మెలేసి టేపు వేశాడా, వైరు మార్చాడా?

ప్రశ్నించినవారు

మొదట మెలేద్దామనే అన్నాడు. నేను ఒప్పుకోకపోయేసరికి మానేశాడు. డీబీ నుంచి వంటింటి మీదుగా హాలు బోర్డు దాకా అల్యూమినియం అంతా తీసేసి, పాత వైరుకే కొత్తది కట్టి పైపులోంచి లాగాడు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మూడూ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. వంటింటి దగ్గర వంపులో ఇరుక్కుని గంటన్నర పట్టింది. గుమ్మం పైన బాక్సులో ఇప్పుడు ముడే లేదు, వైరు తెగకుండా నేరుగా వెళ్తుంది. మూత మాత్రం పెయింట్ వేయించకుండా వదిలేశాను, కనిపిస్తూ ఉండాలని.

సాయంత్రం మళ్లీ పెట్టె వేసి కొలిచాం. వంటింట్లో 229, హాల్లో 228, పడగ్గదిలో 227. ఎంసీబీ సి6 పెట్టించాను. ఇస్త్రీ బల్ల వంటింట్లో పెద్ద ప్లగ్గు పక్కకి మారింది, మా అత్తమ్మకి దారికి అడ్డమొస్తోందని ఒకటే గొణుగుడు.

జవాబు (సికింద్రాబాద్)

పూజగదికి వైరు వంటింట్లోంచే పోతుండాలి కదా, అది ఇంకా అల్యూమినియమే అయ్యుంటుంది. కొత్త రాగి వైరుకి దాన్ని ఎక్కడ కలిపాడో చూడండి.

ప్రశ్నించినవారు

ఇప్పుడే వంటింటి బోర్డు విప్పించి చూశాం సార్. మెలేశాడు. రేపు పొద్దున్నే వస్తానన్నాడు, వైరు తెచ్చుకుని.