తోడేళ్లను చంపితే పశునష్టం పెరుగుతుందా, తగ్గుతుందా? ఇద్దరూ సైన్సే చూపిస్తున్నారు!

అడవిదారి అడిగారు:

అమెరికా పడమటి రాష్ట్రాల్లో తోడేళ్లకీ రాంచర్లకీ (పశువుల పెంపకందారులకి) నడుస్తున్న గొడవ గురించి చదువుతున్నాను. ఒకాయన 2014 పేపరు చూపించి, తోడేళ్లను చంపితే మరుసటి ఏడాది పశువుల మీద దాడులు పెరుగుతాయని తేలిపోయిందంటాడు. ఇంకొకాయన 2016 పేపరు తెచ్చి అది తప్పంటాడు. ఇవి చాలవన్నట్టు, దొరికే ప్రతి కళేబరం వెనక దొరకనివి ఎనిమిది ఉంటాయని రాంచర్లు, తోడేళ్ల వల్ల పోయేవి చాలా తక్కువ, అసలు లెక్కలోకే రావని అవతలివాళ్లు! వీటిలో ఆధారం ఎంత, అభిప్రాయం ఎంత? పేపరు చేతికొస్తే ముందు ఏం చూడాలి?

లెక్కలమాస్టారు:

ముందు ఒక సంగతి. ఆ రెండు పేపర్లూ వాడింది ఒకే డేటా. ఇడాహో, మోంటానా, వయోమింగ్ రాష్ట్రాల 1987–2012 లెక్కలు. వీల్గస్, పీబుల్స్ 2014లో ప్లాస్ వన్ పత్రికలో చెప్పిందేమిటంటే, చంపిన ఒక్కో తోడేలుకీ మరుసటి ఏడాది గొర్రెల మీద దాడులు 4 శాతం, పశువుల మీద 5–6 శాతం చొప్పున పెరుగుతాయని, చంపుడు 25 శాతం దాటాకే తగ్గుతాయని. గుంపు చెదిరి పిల్లల్ని కనే జంటలు పెరగడం వల్ల కావచ్చని వాళ్ల ఊహ. చాలామంది ఈ ఊహను కూడా రుజువు కింద జమేసుకుంటారు.

2016లో పౌడ్యాల్ బృందం అదే డేటాను మళ్లీ నడిపితే ఫలితం తిరగబడింది. మెలిక కాలం దగ్గరుంది. 1995–96లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో 31, ఇడాహోలో 35 తోడేళ్లను వదిలారు. ఆ తర్వాత తోడేళ్లూ, దాడులూ, చంపుళ్లూ మూడూ కలిసే పెరిగాయి. కలిసి పెరిగేవాటిలో ఏ రెండు తీసుకున్నా సంబంధం కనిపిస్తుంది. ఏళ్లతో పాటు వచ్చే ఈ పెరుగుదలను లెక్క కట్టే మోడల్లో విడిగా పెట్టకపోతే కారణం ఏదో, తోడు నడిచింది ఏదో తెలియదు.

నా మటుకు 2014 ఫలితం నిలబడదు. అలాగని రెండోది కూడా రాంచర్‌కి అక్కరకొచ్చే జవాబు కాదు. ఒక రాష్ట్రం మొత్తానికి ఏడాదికి ఒక అంకె తీసుకుంటే, ఫలానా మేతబయలు దగ్గర ఫలానా గుంపును తీసేశాక ఏమైందో అందులోంచి ఎలా తెలుస్తుంది? దానికి 2015లో బ్రాడ్లీ బృందం వేసింది చూడండి. దాడి తర్వాత ఏమీ చేయకపోతే మళ్లీ దాడికి మధ్యస్థంగా (అంటే సగం సందర్భాల్లో అంతకన్నా ముందే) 19 రోజులు పట్టింది. గుంపులో కొన్నిటిని తీస్తే 64 రోజులు, మొత్తం గుంపును తీస్తే 730 రోజులు. కొన్నిటిని తీయడం కూడా మొదటి వారంలో జరిగితేనే పనిచేసింది. అయితే ఏ గుంపును తీయాలో నిర్ణయించింది అధికారులు, చీట్లు వేసి ఎంచినవి కావు. ఆ మేరకు తగ్గించుకుని చదవాలి.

పశువైద్యం_ఆర్:

మాస్టారు గారు మోడళ్ల గురించి చెప్పారు. నేను ఇంకా కిందికి వెళ్తాను. ఆ లెక్కలన్నీ కళేబరం దగ్గర ఎవరో రాసిన ఒక్క మాట మీద ఆధారపడ్డవి: "తోడేలే చంపింది", "బహుశా తోడేలు", "తెలియదు".

ఆ మాట ఎలా రాస్తారంటే, చర్మం ఒలిచి లోపలివైపు చూస్తారు. కాట్ల కింద కండ కమిలి రక్తం చిమ్మి ఉంటే, కరిచేటప్పటికి జంతువు బతికే ఉంది. గాట్లున్నా కమిలిన జాడ లేకపోతే చచ్చాక తిన్నట్టు. కోరల మధ్య దూరం కొలుస్తారు. తోడేలుది సుమారు 4–6 సెం.మీ., కయోటిది (నక్కలాంటి, తోడేలుకన్నా చిన్న జంతువు) 3 సెం.మీ. అటూ ఇటూ. పెద్ద కుక్కలది తోడేలుతో కలిసిపోతుంది కాబట్టి కొలత ఒక్కటే చాలదు. కాటు ఎక్కడుందో కూడా ముఖ్యమే. తోడేలు తొడ వెనక, డొక్క, చంకల దగ్గర పడుతుంది. కయోటి ఎక్కువగా గొంతు పట్టుకుంటుంది.

పాడయ్యేది ఎక్కడంటే ఆలస్యంలో. ఎండలో ఒకటి రెండు రోజులుంటే కుళ్లు రంగుకీ కమిలిన రంగుకీ తేడా తెలియదు. చిన్న దూడైతే ఒలవడానికి చర్మమే మిగలదు. అందుకే చూడగానే టార్పాలిన్ కప్పి అంచుల మీద రాళ్లు పెట్టాలి, కుక్కల్ని రానివ్వకూడదు, చుట్టూ అడుగుజాడలు తొక్కకూడదు, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయాలి.

"తెలియదు" అన్న తీర్పును రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఒకరు "తోడేలు కాదు" అని చదువుతారు, ఇంకొకరు "తోడేలే, దాస్తున్నారు" అని. రెండూ ఆ కాగితం మీద లేవు.

ఇక ఆ ఎనిమిది సంగతి. అది 2003 నాటి ఓక్‌లీఫ్ బృందం పేపరు. ఇడాహోలో దట్టమైన అడవిలో మేసే దూడలకు రేడియో ట్యాగులు కట్టి చూశారు. తోడేళ్లు చంపిన దూడలు కొన్నే దొరికాయి, ఆ కొద్దిపాటి సంఖ్య మీద వేసిన గరిష్ఠ అంచనా అది. ఆ కొండల్లో నమ్మదగ్గదే. రోజూ తలలు లెక్కపెట్టే కంచె పొలానికి తెచ్చి అతికిస్తే మాత్రం చెల్లదు.

పచ్చికబయలు:

"లెక్కలోకే రావు" అనేవాళ్ల వాదనను కూడా అంతే నిక్కచ్చిగా చూడాలి కదండీ. 2015 అమెరికా వ్యవసాయ శాఖ సర్వే ప్రకారం పెద్ద పశువుల మరణాల్లో దాదాపు 98 శాతానికి వేటాడే జంతువులు కారణం కాదు. దూడల్లో వేటాడే జంతువుల వాటా సుమారు 11 శాతం, అందులోనూ ముందున్నది కయోటి. ఆ అంకెలు పెంపకందారులు స్వయంగా చెప్పినవి, అది గుర్తుంచుకోండి.

కానీ అది దేశం మొత్తం సగటు. తోడేళ్లే లేని రాష్ట్రాల మందలూ అందులో ఉన్నాయి. నష్టం కొద్దిమంది మీదే పడుతుంది, అదీ మళ్లీ మళ్లీ. పైగా చావులు ఒక్కటే నష్టం కాదు. పడమటి మోంటానాలో 18 రాంచ్‌ల రికార్డులతో రామ్లర్ బృందం 2014లో చూసిన దాని ప్రకారం, దాడి జరిగినట్టు నిర్ధారణైన రాంచ్‌లో దూడల బరువు సగటున 22 పౌండ్లు తగ్గింది. చుట్టుపక్కల తోడేళ్లు తిరుగుతున్నంత మాత్రాన మాత్రం బరువు తగ్గలేదు. ఈ పేపర్లో సగం ఒక పక్షం ఎత్తుకుంటుంది, మిగతా సగం ఇంకో పక్షం.

అడవిదారి:

అందరికీ ధన్యవాదాలు. మరి తోడేళ్లను బెదరగొట్టడానికి కట్టే ఎర్ర జెండాల తాడు (ఫ్లాడ్రీ) సంగతి? "నిరూపితం" అని చాలాచోట్ల రాస్తున్నారు.

లెక్కలమాస్టారు:

పనిచేస్తుంది, కొంతకాలం. తోడేలు అలవాటు పడేదాకా, అంటే మహా అయితే 60 రోజులు. జెండాల మధ్య అర మీటరు మించకూడదు, కింది అంచు నేలకు దగ్గరగా వేలాడాలి. గాలికి జెండాలు తాడుకు చుట్టుకుపోతే, గడ్డి ఎదిగి కప్పేస్తే, తాడు సాగి వదులైతే అక్కడ సందు పడినట్టే. రోజూ ఒకరు చుట్టి రావాలి. ఈనే రోజుల్లో చిన్న దొడ్డికి సరిపోతుంది, వేల ఎకరాల మేతబయలుకు కాదు. కరెంటు తీగతో కలిపి కడితే అలవాటు పడటం ఆలస్యమవుతుంది.

"నిరూపితం" అన్న చోట ఒకటే అడగండి: పోల్చిన రెండో మందను ఎలా ఎంచారు? ఇడాహో వుడ్ రివర్ లోయలో తోడేళ్లను చంపకుండా గొర్రెలను కాపాడే ఏడేళ్ల పనిలో, రక్షణ లేని చోట గొర్రెల నష్టం 3.5 రెట్లు ఎక్కువని 2017లో రాశారు. మంచి పనే, కానీ రెండు ప్రాంతాలూ చీట్లు వేసి ఎంచినవి కావు. 2016లో ట్రెవ్స్ బృందం ఉత్తర అమెరికా, యూరప్ పరీక్షలన్నీ జల్లెడపడితే ప్రమాణానికి నిలిచినవి 12 మాత్రమే. అందులో తుపాకీ పక్షమూ జెండా పక్షమూ రెండూ ఉన్నాయి.

పచ్చికబయలు:

ఒక్కటి కలుపుతాను. కొలరాడో రాష్ట్రంలో తోడేళ్లను తేవాలా వద్దా అన్నది 2020లో ఓటుతో తేలింది, అదీ స్వల్ప తేడాతో. 2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి 10 తోడేళ్లు వచ్చాయి. చనిపోయిన ఒక్కో పశువుకి పరిహారం 15,000 డాలర్ల వరకు. ఎన్ని తోడేళ్లు ఉండాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నవాటికి పైన చెప్పిన పేపర్లలో దేనిలోనూ జవాబు లేదు. అక్కడ "సైన్స్ ఇలా అంటోంది" అని ఎవరు మొదలుపెట్టినా, అది వాళ్ల ఓటు అనుకుని చదవండి.