అప్‌డేట్: ఇంజిన్ బెల్టు కీచు శబ్దం ఆగింది, లోపం బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌లో

పొద్దున కారు స్టార్ట్ చేయగానే, ఏసీ వేసినప్పుడల్లా బానెట్ కింద నుంచి కీచుమని శబ్దం వస్తోందని, కొత్త బెల్టు వేయించినా పది రోజుల్లో మళ్లీ మొదలైందని నెల క్రితం అడిగాను. ఓపికగా జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దారి చూపింది నీళ్ల పరీక్షే. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాడుల వైపు కాసిన్ని నీళ్లు పిచికారీ చేశాను. శబ్దం తగ్గకపోగా రెట్టింపైంది. అంటే బెల్టు బిగువు చాలక జారుతోందన్నమాట. నీళ్లు పడగానే కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు (బెల్టు తిరిగే చక్రాలు) ఒకే వరుసలో లేవేమో చూడాలి. ఈ పరీక్ష చేసేవారు చేతులు, వేలాడే బట్టలు బెల్టుకు దూరంగా ఉంచుకోండి, దయచేసి.

హనుమకొండలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు ఏమీ విప్పలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి టార్చి వేసి టెన్షనర్ ఆర్మ్‌ను (బెల్టును నొక్కి పట్టే కడ్డీని) చూపించారు. దాదాపు కదలకుండా ఉండాల్సింది వణుకుతోంది. ఇంజిన్ ఆపి బెల్టు తీశాక టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పితే గరగరమంది. స్ప్రింగు నీరసించింది, బేరింగు అరిగింది. 80,000 కిలోమీటర్లు తిరిగిన బండి మరి. కొత్త టెన్షనర్ వేశారు. జారి జారి మెరుపెక్కిన ఆ కొత్త బెల్టునూ మార్చాల్సి వచ్చింది, అదే బాధ.

బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, బ్యాటరీ రెండూ బాగానే ఉన్నాయి. బెల్టు స్ప్రే రెండు రోజులు శబ్దాన్ని దాచిందంతే, పైగా దుమ్ము పట్టింది.

మొన్న కాజీపేట నుంచి వానలో వచ్చాను. ఏసీ వేసినా చప్పుడు లేదు.