ఫుల్ ఫ్రేమ్‌కు మారుతున్న, ముందు ఏ లెన్స్ కొనాలె?

అన్నలూ, మాది నల్లగొండ. ఐదేండ్ల నుంచి నికాన్ డీ7200 (చిన్న సెన్సర్ ఉండే క్రాప్ కెమెరా)తో పెళ్లిళ్లు, గుళ్లు తీస్తున్న. సెకండ్ హ్యాండ్‌ల ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా డీ750 దొరికింది, వచ్చే వారం తెచ్చుకుంటున్న.

నా దగ్గరున్న 18-140 డీఎక్స్ లెన్స్ (చిన్న సెన్సర్ కోసం చేసింది) దానికి పడుతది గానీ క్రాప్ మోడ్‌ల సెన్సర్ నడిమి భాగమే పనిచేసి 24 మెగాపిక్సెల్స్ పోయి 10 మాత్రమే మిగులుతయి. అందుకే అమ్ముదామనుకుంటున్న. 50 ఎంఎం 1.8డీ ఎట్లాగూ పనికొస్తది, డీ750 బాడీల మోటార్ ఉంది కాబట్టి ఆటోఫోకస్ కూడా చేస్తది.

నా అసలు తిప్పలంతా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర. గర్భగుడిల పడే ఆ నీడను స్తంభాలతో సహా ఒక్క ఫ్రేమ్‌ల పట్టాలని ఎన్నేండ్ల కోరికో! 18 దగ్గర పెట్టినా క్రాప్‌ మీద ఫుల్ ఫ్రేమ్ 27 ఎంఎం లెక్కనే వస్తది, వెనక్కి జరుగుదామంటే జాగ ఉండది. పైగా లోపల చీకటి.

24-120 ఎఫ్4 తీసుకుంటే పెళ్లిళ్లకూ అక్కరకొస్తది, వీఆర్ (చెయ్యి వణికినా ఫొటో కదలకుండా చూసేది) ఉంది. 20 ఎంఎం 1.8 అయితే గుడికి బాగుంటది, కానీ పెళ్లిల దాంతోని మనుషుల ముఖాలు సాగుతయని భయం. రెండూ కొనే స్థోమత ఇప్పుడు లేదు. ఏది ముందు?

ఇంకొకటి. ఉదయసముద్రం రిజర్వాయర్ దగ్గర పక్షులకు నా 70-300 క్రాప్‌ మీద 450 లెక్క పనిచేసేది. దానికోసం డీ7200 ఉంచుకోవాల్నా, అమ్మి లెన్స్‌ల పెట్టాల్నా? రెండు రకాల కెమెరాలూ వాడినోళ్లు చెప్పండి.